పూర్తయిన ఇంటి వైరింగ్‌కు ఆకస్మిక తనిఖీ ఉండాలా, వద్దా?

గుంటూరు ఇల్లాలు:
మా మేడ మీద పోర్షన్‌కి వైరింగ్ చేయించి ఎనిమిది నెలలైంది. పోయిన నెల గీజర్ ఆన్‌లో ఉండగా పంపు తిప్పుతుంటే మా అత్తయ్య చెయ్యి జివ్వుమంది. వేరే ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ విప్పిస్తే ఎర్త్ పిన్నుకి రావాల్సిన ఆకుపచ్చ వైరు లేనే లేదు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్క్రూ నుంచి బెత్తెడు నల్ల వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకి బిగించారు. ఆ న్యూట్రల్ కూడా లూజు. కనెక్షన్ కోసం ఇచ్చిన రిపోర్టులో మాత్రం ఎర్తింగ్ బాగుందని లైసెన్సున్న కాంట్రాక్టర్ సంతకం ఉంది. ఆయన మా గడప తొక్కనే లేదు. పూర్తయిన ఇళ్లలో కొన్నింటినైనా చెప్పాపెట్టకుండా వచ్చి చూడాలి. లేకపోతే ఆ సంతకానికి విలువేంటి?

ఏలూరు వైర్‌మ్యాన్:
అమ్మా, మీకు జరిగింది ముమ్మాటికీ తప్పే. కానీ ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నా, తనిఖీ పెడితే మరో మామూలు పుడుతుంది. పాయింటుకి ఇంతని బేరమాడి, "ఎర్త్ వైరు అన్ని మీటర్లు ఎందుకయ్యా, తగ్గించు" అనేది ఇంటివాళ్లే. రేపు కేసు మా మీద. పైగా ప్లాస్టరింగ్ అయ్యాక గోడలో ఏముందో వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది? కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, చాలు.

మెల్‌బోర్న్ తెలుగువాడు:
ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో పని అయ్యాక ఎలక్ట్రీషియన్ భద్రతా సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. మెయిన్ స్విచ్ బోర్డు, మెయిన్ ఎర్తింగ్ లాంటి పనుల్ని లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్ విడిగా చూస్తాడు. మిగతా చిన్న పనుల్లో కొన్నింటిని నియంత్రణ సంస్థ ఏరి ఆడిట్ చేస్తుంది. అన్నా, గోడ పగలగొట్టక్కర్లేదు. మెగ్గర్‌తో, అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే పరికరంతో, 500 వోల్టులు పెట్టి చూస్తే ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉందో లేదో తెలుస్తుంది. మన దేశంలోనూ కొలత అదే కదా. పరికరం ఉంది, నిబంధన ఉంది, వచ్చి కొలిచే మనిషే లేడు.

గుంటూరు ఇల్లాలు:
ఏలూరు అన్నయ్యా, ఆర్‌సీసీబీ మాకూ ఉంది. అయినా పడలేదు. ఎందుకో ఆ ఎలక్ట్రీషియన్ చూపించారు. సరైన ఎర్త్ ఉంటే గీజర్ బాడీకి లీకైన కరెంటు భూమిలోకి పోతుంది, వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన దానికీ తేడా వచ్చి స్విచ్ పడుతుంది. న్యూట్రల్‌కే ముడేస్తే లీకైంది కూడా న్యూట్రల్‌లోంచే తిరిగొస్తుంది కాబట్టి దానికి తేడాయే కనిపించదు. ఇక మనిషి ముట్టుకుని షాక్ గట్టిగా తగిలాకే పడాలి. ఇంకో ఘోరం, ఫేజ్‌కీ ఎర్త్ పిన్నుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే చక్కగా వెలుగుతుంది. నేనైతే "బాగానే ఉంది" అనుకునేదాన్నే. ఇలాంటిది ఇంటివాళ్లం పట్టుకోలేం. సాకెట్ విప్పి చూసే తెలిసినవాళ్లు రావాలి.

ఏలూరు వైర్‌మ్యాన్:
ఆ ముక్క వేసినవాడు నా తమ్ముడైనా పర్మిట్ తీసేయాలంటాను. సరే, తనిఖీకి ఒప్పుకుంటా. అయితే ఏ ఇల్లు చూడాలో లాటరీలా కంప్యూటర్ తీయాలి, స్థానిక సిబ్బంది కాదు. కొలతలు ఇంటివాళ్ల ముందే కాగితం మీద రాయాలి. మొదట అడగాల్సింది సంతకం పెట్టిన కాంట్రాక్టర్‌ని, రోజుకూలీ కుర్రాణ్ని కాదు.

గుంటూరు ఇల్లాలు:
ఈ మూడూ నాకు సమ్మతమే. నిన్న మిగతా సాకెట్లన్నీ విప్పించాను. పదకొండింటిలో నాలుగింటికి అదే నల్ల ముక్క. నాలుగూ ఒక కవర్లో వేసి ఉంచాను. ఆ రిపోర్టు నకలుతో కలిపి సోమవారం లైసెన్సింగ్ బోర్డుకి ఫిర్యాదు పంపుతున్నాను.