ఎస్‌యూవీకి బంపర్ గార్డు, లారీకి సైడ్ గార్డు: నడిచేవాళ్లకి ప్రమాదం తగ్గాలంటే ఏం మార్చాలి?

చుట్టుగుంట రవాణా (ప్రశ్న)

మాది గుంటూరు. ఇంటికి ఒక ఎస్‌యూవీ, మిర్చి యార్డుకి తిరిగే పది టైర్ల లారీ ఉన్నాయి. ఎస్‌యూవీకి ముందు రెండంగుళాల స్టీలు పైపు గార్డు బిగించి ఉంది. లారీకి ఎడమవైపు సైడ్ గార్డు లేదు, ఆటోనగర్‌లో కట్టించాలి. సీజన్‌లో యార్డు గేటు దగ్గర హమాలీలు, సైకిళ్లవాళ్లు, టీ అమ్మేవాళ్లు బండ్ల మధ్యలోంచే నడుస్తుంటారు. మా బండ్ల వల్ల వాళ్లకి ప్రమాదం తగ్గాలంటే ఏమేం మార్చాలి? గార్డు తీసేస్తే రాత్రిపూట గేదెలు అడ్డొచ్చినప్పుడు బండి దెబ్బతినదా? దయచేసి కొలతలతో చెప్పండి.

బెజవాడ బాడీషాప్

గార్డు తీయించండి అన్నా, ముందు ఆ పని. 2017 డిసెంబర్‌లోనే వీటి మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇది చెల్లని మార్పు. ఫైన్ సంగతి అలా ఉంచి, అసలు కారణం చూడండి.

బంపర్‌లో పైకి కనిపించేది పల్చటి ప్లాస్టిక్. దాని వెనక ఫోమ్, ఫోమ్ వెనక అడ్డంగా స్టీలు బీమ్. కాలు తగిలితే ప్లాస్టిక్ వంగుతుంది, ఫోమ్ నలుగుతుంది, మోకాలి మీద పడే దెబ్బ కొంత పరుచుకుంటుంది. ఛాసిస్‌కి బోల్టులేసిన పైపు వంగదు. ఆ బలమంతా రెండంగుళాల వెడల్పులో ఎముక మీదే పడుతుంది. పై పైపు పెద్దవాళ్లకి తుంటి దగ్గర తగిలితే, అయిదేళ్ల పిల్లకి ఛాతీకో తలకో తగులుతుంది.

గేదె సంగతి: గట్టి గుద్దుడైతే పైపు ఆ దెబ్బని నేరుగా ఛాసిస్‌కి పంపుతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కి చేరే దెబ్బ తీరు మారి, బ్యాగ్ తెరుచుకోవాల్సిన క్షణం తప్పొచ్చు. రేడియేటర్ మిగలొచ్చేమో గానీ లోపలున్నవాళ్లకి అది మేలు కాదు.

తీసేటప్పుడు బంపర్ కూడా విప్పించి ఫోమ్ చూడండి. గార్డు బ్రాకెట్లు పట్టడం కోసం దాన్ని కోసేస్తుంటారు. చిన్న యాక్సిడెంట్ తర్వాత బయటి బంపర్ వేయించినా ఫోమ్ లేకుండానే బిగిస్తారు, బయటికి తేడా తెలీదు. టో హుక్ (బండిని లాగడానికి ఉండే కొక్కెం) బోల్టులు గార్డు కోసం పొడవువి వేసుంటే కంపెనీ సైజువి తిరిగి వేయించండి.

బానెట్ కింద కూడా చూడాలి. మనిషి తల బానెట్ మీద పడినప్పుడు రేకు అణగాలంటే కింద ఏడెనిమిది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మన కార్లకి ఏఐఎస్-100 అనే పాదచారుల భద్రత ప్రమాణం (2018 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకి, 2020 అక్టోబర్ నుంచి అప్పటికే తయారవుతున్న మోడళ్లకీ) చూసేది ఇలాంటివే. ఆ ఖాళీలో ప్రెషర్ హారన్ కంప్రెసర్ బిగిస్తే రేకు కింద రాయి పెట్టినట్టే.

చూపు కొలత

పై మాటతో ఏకీభవిస్తాను. ఎత్తు గురించి కూడా చెప్పాలి. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఐఐహెచ్‌ఎస్ సంస్థ 2023లో దాదాపు 18,000 ప్రమాదాలు పరిశీలించింది. 30 అంగుళాల లోపు ఎత్తుతో, వాలు బానెట్ ఉన్న బండ్లకన్నా, బానెట్ ముందంచు 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. తక్కువ ఎత్తు బండి గుద్దితే మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. ఎత్తు బండి నడుము పైన కొట్టి ముందుకి, నేలమీదికి తోస్తుంది. తర్వాత చక్రాలు వస్తాయి. కాబట్టి పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ జోలికి పోకండి.

ముందు ఎంత మేర కనిపించడం లేదో మీరే కొలవొచ్చు. డ్రైవర్ కంటి ఎత్తు 150 సెం.మీ., బానెట్ ముందంచు 105 సెం.మీ., రెంటి మధ్య అడ్డదూరం 180 సెం.మీ. అనుకోండి. అప్పుడు బండి ముందు 4.2 మీటర్ల దాకా నేల కనిపించదు. నేల మీద కూర్చుని మల్లెలు గుచ్చుకుంటున్న మనిషి తల సుమారు 80 సెం.మీ. ఎత్తుంటుంది, మీటరు లోపలుంటే ఆమె జాడే తెలీదు. సీటు 5 సెం.మీ. పైకి లేపితే 4.2 మీటర్లు సుమారు 3.8కి తగ్గుతుంది. మీ బండిలో చూడాలంటే, డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి, 80 సెం.మీ. ఎత్తు అట్టపెట్టెని బానెట్ ఆనించి మొదలెట్టి, పైఅంచు కనిపించేదాకా బండికి దూరంగా జరపండి. అక్కడ సుద్దగీత గీసి డ్రైవర్‌కి చూపించండి. నోటితో చెప్పడం కన్నా ఆ గీత బాగా గుర్తుంటుంది.

విజయవాడ బెంజ్ సర్కిల్ లాంటి చోట కుడికి తిరిగేటప్పుడు బండి ముందు అద్దం పక్కనుండే నిలువు స్తంభం చూసుకోండి. 12 సెం.మీ. వెడల్పు స్తంభం కంటికి 70 సెం.మీ. దూరంలో ఉంటే, రెండు కళ్లతో చూసినా పది మీటర్ల దూరంలో సుమారు 85 సెం.మీ. మేర దాచేస్తుంది. నిండు మనిషి అందులో ఇమిడిపోతాడు. తల ముందుకీ వెనక్కీ ఊపి చూడాలి. ఫోన్ హోల్డరు, వేలాడే దండలు ఆ స్తంభం పక్కన వద్దు.

లారీ ఛానల్

లారీ ఎడమకి తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పక్కన నడిచే మనిషి తూలితే రెండు యాక్సిళ్ల మధ్య సందులోకి పోతాడు. సైడ్ గార్డు ఆ సందు మూయడానికే. కొలతలు (సైడ్ గార్డుల మీద ఐక్యరాజ్యసమితి నియమం, యూఎన్ రెగ్యులేషన్ 73లోవి, అన్నీ మి.మీ.లో, మేస్త్రీకి రాసివ్వండి): కింది అంచు నేలకి 550 మి.మీ. మించకూడదు. అడ్డపట్టీల మధ్య సందు 300 లోపు, ఒక్కో పట్టీ వెడల్పు కనీసం 100. పైఅంచుకీ బాడీకీ మధ్య 350 దాటకూడదు. ముందు టైరు నుంచీ, వెనక టైరు నుంచీ 300 లోపే మొదలై ముగియాలి.

ఎక్కువగా చెడేది ఇక్కడ: బ్రాకెట్లు పల్చటి ఇనుప పట్టీతో చేస్తారు, టార్పాలిన్ తాళ్లు గార్డుకే కడతారు, నెల తిరక్కుండా లోపలికి వంగుతుంది. పట్టీ ఎక్కడ నొక్కినా 100 కిలోల బలానికి నిలవాలి. వెనక చివర 250 మి.మీ. మేరలో 30 మి.మీ. మించి వంగకూడదు, మిగతాచోట 150 దాకా పర్వాలేదు. తాళ్లకి వేరే కొక్కేలు పెట్టించండి. ఎడమ డోరు పైన కిందికి చూసే చిన్న అద్దం కూడా కావాలి. బస్తాలు బాడీ దాటి పొడుచుకొస్తే ఆ అద్దాలేవీ పనికిరావు.

చుట్టుగుంట రవాణా

బంపర్ విప్పించాను. ఫోమ్ ఎడమవైపు జానెడు కోసేసి ఉంది. ముక్క అతికిస్తే సరిపోతుందా?

బెజవాడ బాడీషాప్

సరిపోదన్నా. అతుకు దగ్గర గమ్ గట్టిపడి ఫోమ్ నలగాల్సిన చోట నలగదు. ఫోమ్ మొత్తం విడిగా దొరుకుతుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి అడగండి. బిగించాక బంపర్‌ని అరచేత్తో అటు నుంచి ఇటు నొక్కి చూడండి, ఎక్కడా బోలుగా తగలకూడదు.