రక్తపిశాచి నీడా, రక్తపిశాచి ఛాయా?

ప్రశ్న: 2000లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద వాంపైర్’ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మూర్నావ్ తీసిన జర్మన్ మూకీ ‘నొస్ఫెరాటు’ (1922) షూటింగు చుట్టూ అల్లిన భయానక కథ. వ్యాసానికి ‘రక్తపిశాచి నీడ’ అని పేరు పెడితే చదివినవాళ్లంతా ఎక్కడో అతకలేదంటున్నారు. ఎందుకంటారు?

జవాబు: నీడ మనకి చల్లని మాట తమ్ముడూ. తిండీ నీడా అంటాం, నిలువ నీడ లేదని బాధపడతాం, ఎండన పడి వచ్చినవాణ్ణి నీడపట్టున కూర్చోమంటాం. ‘నీడలా వెంటాడాడు’ లాంటిచోట తప్ప అందులో భయం పలకదు. భయం ఉన్నచోట ఛాయ వస్తుంది. మృత్యుచ్ఛాయ అంటాం. ‘ఆ ఛాయలకి పోకు’ అని పిల్లల్ని హెచ్చరిస్తాం. అందుకని నా ఓటు ‘రక్తపిశాచి ఛాయ’కే.

ఈ సినిమాకి ఛాయ కుదరడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. పాత తెలుగు సినిమా టైటిళ్లలో ‘ఛాయాగ్రహణం’ అని పడేది గుర్తుందా? ఛాయని పట్టుకోవడం. ఇప్పుడు సుందరకాండ తియ్యి. సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుడి వేగం ఉన్నట్టుండి తగ్గిపోతుంది. కింద నీళ్లలో సింహిక అనే రాక్షసి ఆయన నీడని పట్టుకుని లాగుతోంది. అప్పుడాయనకి సుగ్రీవుడు చెప్పింది గుర్తొస్తుంది:

కపిరాజేన కథితం సత్త్వమద్భుతదర్శనమ్ |
ఛాయాగ్రాహి మహావీర్యం తదిదం నాత్ర సంశయః ||

వానరరాజు చెప్పిన వింత ప్రాణి, నీడని పట్టే మహాబలశాలి ఇదే, సందేహం లేదు అని. ఆ సుగ్రీవుడి మాట కిష్కింధాకాండలో ఉంది. అక్కడ ఆ రాక్షసి పేరు అంగారక, విశేషణం ‘ఛాయామాక్షిప్య భోజినీ’. నీడని లాక్కుని తినేది. కెమెరా పనికి తెలుగు మాట కట్టినవాళ్ల మనసులో సింహిక ఉందని నేననను. కానీ నువ్వు రాస్తున్న సినిమా మొత్తం ఈ మాటలో ఇమిడిపోతుంది.

కథ చూడు. మూర్నావ్‌కి (జాన్ మాల్కొవిచ్) నిజమైన రక్తపిశాచే దొరుకుతుంది. మాక్స్ ష్రెక్ అనే నటుడని, పాత్రలోంచి బయటికి రాడని, రాత్రిళ్లు మాత్రమే నటిస్తాడని యూనిట్‌కి అబద్ధం చెబుతాడు. ప్రతిఫలంగా షూటింగు చివర హీరోయిన్‌ని అప్పగిస్తానని పిశాచానికి మాటిస్తాడు. కెమెరామన్ మంచం పడితే ఇంకొకణ్ణి తెస్తాడు, షూటింగు మాత్రం ఆపడు. చివర్లో కళ్లెదుట మనుషులు చస్తున్నా హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాడు. ఫ్రేములో లేనిది అసలు లేనట్టే అన్నది అతని మతం. రక్తం తాగేవాడొకడు, ఛాయ తాగేవాడొకడు. నాకైతే రెండోవాడే భయంకరుడు.

పిశాచం మీద జాలి కలిగే చోటు ఒకటుంది, దాన్ని వదలకు. ‘డ్రాక్యులా’ నవల చదివి ఏమనిపించిందని అడుగుతారు. బాధేసిందంటాడు. నౌకర్లు లేని ప్రభువు అతిథికి తనే బల్ల సర్దాలి. శతాబ్దాలుగా తిండి ముట్టనివాడికి రొట్టె కొనడం గుర్తుంటుందా అని అడుగుతాడు. విలెం డెఫో ఆ మాటలు ఎంతో నెమ్మదిగా చెబుతాడు. ఈ పాత్రకే సహాయనటుడి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

ఇంకొకరు: మాస్టారూ, మూలం ‘నొస్ఫెరాటు’లో కూడా ఛాయ ఉంది కదండీ? మెట్లెక్కే గోళ్ల చేతులు?

జవాబు: ఉందమ్మా, అక్కడ వ్యవహారం తిరగబడింది. ముందు గోడ మీద రక్తపిశాచి ఓర్లాక్ నీడ మెట్లెక్కుతుంది. తర్వాత గదిలో కథానాయిక ఎలెన్ తెల్లటి గౌను మీద చేతినీడ పాకి, గుండె దగ్గర పిడికిలి బిగిస్తుంది, ఆమె విలవిల్లాడిపోతుంది. సింహిక నీడని పట్టి ఒంటిని లాగితే, ఇక్కడ నీడే ఒంటిని పట్టుకుంటుంది. దాన్ని పట్టిన ఛాయాగ్రాహకుడు ఫ్రిట్స్ ఆర్నో వాగ్నర్. 2000 సినిమా అతన్ని చంపేసింది గానీ, అసలు వాగ్నర్ 1931లో ఫ్రిట్స్ లాంగ్ సినిమా ‘ఎం’కి కూడా పనిచేశాడు. ఓర్లాక్ వేషం వేసిన అసలు మాక్స్ ష్రెక్ కూడా మామూలు రంగస్థల నటుడు, నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ బృందంలో చేశాడు, 1936లో పోయాడు. వ్యాసంలో ఈ తేడా తప్పకుండా రాయాలి, లేకపోతే కట్టుకథ చరిత్రగా చలామణీ అయిపోతుంది.

‘నొస్ఫెరాటు’ని ‘డ్రాక్యులా’ నవల నుంచి అనుమతి లేకుండా తీశారని, ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేస్తే 1925లో జర్మన్ కోర్టు దాని ప్రింట్లన్నీ నాశనం చేయమంది. కొన్ని మిగిలాయి కాబట్టే మనం చూడగలుగుతున్నాం.

ఇంకొకరు: చిన్న సందేహం. సింహిక ఆడది కదా, శ్లోకంలో ‘ఛాయాగ్రాహిణి’ అని ఎందుకు లేదు?

జవాబు: అక్కడ విశేష్యం ‘సత్త్వం’, అంటే ప్రాణి. నపుంసకలింగం కాబట్టి ‘ఛాయాగ్రాహి’ అయింది. హనుమంతుడికి ఆ క్షణాన కనబడింది నీళ్లలోంచి లేచిన ఒక వింత ప్రాణి. సింహిక అని పేరు పెట్టి చెప్పుకుంటే ఛాయాగ్రాహిణే.