దస్తావేజుల రివ్యూ బయటి టీముకి ఇవ్వొచ్చా?

ప్రశ్న (విజయనగరం): మా లాయర్ ఆఫీసుకి ఓ కంపెనీ లీగల్ విభాగం భూముల ఫైళ్లు 400 పంపింది. బయట చేయిద్దామనుకుంటున్నాం. ముందు ఏం తేల్చుకోవాలండీ?

జవాబు: క్లయింటు అనుమతి రాతలో తీసుకోండి. సాక్ష్య చట్టం 2023, సెక్షన్ 132 కింద క్లయింటు సంగతులు బయటపెట్టకూడదనే గోప్యత వకీలుకీ, ఆయన గుమాస్తాలకీ, ఉద్యోగులకీ ఉంది. ఏజెన్సీకి అదే వర్తిస్తుందని ఊరుకోకండి, విడిగా ఒప్పందం రాయించండి.

జవాబు: ముందు 20 ఫైళ్లే ఇవ్వండి సార్. అవే మీ జూనియర్‌తోనూ చేయించి పోల్చండి. పొరపాటు దొరికేది సర్వే నంబరు సబ్ డివిజన్ దగ్గరే: దస్తావేజులో 45/2, అడంగల్‌లో (ఊరి రెవెన్యూ సాగు రికార్డు) 45/2ఏ. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించకుండానే ‘లింకు క్లియర్’ (పాత హక్కుల వరస సరిగ్గా ఉంది) అని రాసేస్తారు, అది చాలా ప్రమాదం.

జవాబు (శ్రీకాకుళం): 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు), డి-పట్టా (సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) తప్పక చూడమనండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా కాగితం తగిలితే చదవగలిగినవాళ్లకే ఇవ్వండి. హక్కుల మీద ఇచ్చే లీగల్ ఒపీనియన్ మీద సంతకం మాత్రం మీదే, అన్నా.