వేర్వేరు ఊళ్లలో తీసిన రీడింగులను పంతొమ్మిదో శతాబ్దంలో ఎలా సరిపోల్చేవారు?

ప్రశ్న (దేవరకొండ, ఉపాధ్యాయుడు):
మా బడిలో పిల్లలతో రోజూ ఉదయం 8:30కి రెయిన్ గేజ్ చూపించి వర్షపాతం రాయిస్తున్నాను. మహబూబ్‌నగర్‌లో మిత్రుడి బడి కూడా ఇదే పని చేస్తోంది. మొన్న రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, మా పిల్లలు ఆదివారం బడికి రాక, సోమవారం గేజ్‌లో ఉన్న నీటిని సగం సగం చేసి రెండు రోజులకూ పంచి రాసినట్టు తేలింది. రెండు ఊళ్ల మధ్యే ఇంత తేడా వస్తే, దేశానికంతటికీ ఒకే గడియారం లేని ఆ కాలంలో శాస్త్రవేత్తలు ఖండాలు దాటి తమ రీడింగులను ఎలా పోల్చుకున్నారు?

జవాబు 1 (నల్లగొండ, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
సార్, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరిశీలనల విషయంలో వారు ఒక ఊరి గడియారాన్నే అందరికీ ప్రమాణంగా పెట్టుకున్నారు. 1830లలో గౌస్, వెబర్ అనే శాస్త్రవేత్తలు జర్మనీలోని గోటింగెన్ కేంద్రంగా నడిపిన అయస్కాంత సంఘంలో, ముందే నిర్ణయించిన రోజుల్లో 24 గంటలపాటు, 5 నిమిషాలకొకసారి, ఎవరు ఎక్కడున్నా గోటింగెన్ సమయం ప్రకారమే అయస్కాంత సూచిక కదలికను నమోదు చేసేవారు. నక్షత్రాలను చూసి స్థానిక సమయాన్ని సరిచేసుకుని, 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున లెక్క కడితే టెలిగ్రాఫ్ అవసరమే ఉండదు. గోటింగెన్‌లో మధ్యాహ్నం 12 అయితే మద్రాసులో సాయంత్రం సుమారు 4:40 అవుతుంది.

వేలాడదీసిన అయస్కాంతానికి చిన్న అద్దం అమర్చి, అందులో కనబడే స్కేలు అంకెలను దూరం నుంచి టెలిస్కోపుతో చదివేవారు. మనిషి దగ్గరికి వెళితే గాలికే అది కదిలిపోతుంది; జేబులో తాళంచెవి ఉన్నా రీడింగు చెడిపోతుంది. ఇలా వచ్చిన గ్రాఫులను పక్కపక్కన పెట్టినప్పుడు, దూరదూరపు ఊళ్లలోనూ సూచిక ఒకే క్షణంలో ఉలిక్కిపడినట్టు కనిపించింది. ఆ అయస్కాంత అలజడి స్థానికం కాదని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది?

జవాబు 2 (వనపర్తి):
పై జవాబు సరైనదే, కానీ వాతావరణానికి అదే పద్ధతి యథాతథంగా పనికిరాదు. రోజువారీ వేడి ఆ ఊరి సూర్యుడిని బట్టి ఉంటుంది కనుక, సగటులు తీయడానికి స్థానిక సమయమే మేలు. ఒకే క్షణంలో విశాల ప్రాంతంపై పీడనం ఎలా ఉందో పటం గీయాలంటే మాత్రం అందరూ ఒకేసారి చూడాలి. మీరు పాటిస్తున్న 8:30 ఈ రెండో కోవకు చెందినది. ప్రపంచమంతటికీ ప్రమాణమైన గ్రీన్‌విచ్ సమయం లెక్కన అది తెల్లవారుజామున 3 గంటలు.

జవాబు 3 (చౌటుప్పల్):
చోటు కూడా ముఖ్యమేనండి. బొంబాయిలో ఎలక్ట్రిక్ ట్రాములు వస్తున్నాయని, వాటి విద్యుత్తు రీడింగులను చెడగొడుతుందని కొలాబాలోని అయస్కాంత పరిశీలనలను 1904లో అలీబాగ్‌కు తరలించారు. మా చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అయస్కాంత కేంద్రం ఉండటం వెనుక కూడా నగరపు అలజడికి దూరంగా ఉండాలన్న ఆలోచనే ఉంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మరి ఆ ఆదివారాల అంకెలను ఏం చేయమంటారు?

జవాబు 1 ఇచ్చినవారు:
గీత గీసి కొట్టేయండి, కానీ చెరిపేయవద్దు. ఆదివారం కింద కొత్త అంకె ఏదీ వేయకుండా, మొత్తం నీటిని సోమవారం కింద వేసి, పక్కన ‘48 గంటల వాన’ అని రాయించండి.