పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు, యంత్రంలో మాత్రం మార్పు లేదు: ఏమని నమోదు చేయాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, అనంతపురం):
ఎనిమిది నుంచి పదేళ్ల వయసున్న ప్రభుత్వ పాఠశాల పిల్లలు బెలూన్ ఆట ఆడుతుండగా వేళ్లకు అమర్చిన ఎలక్ట్రోడ్లతో చర్మ విద్యుద్వాహకతను (చెమటను బట్టి చర్మం విద్యుత్తును ప్రసరింపజేసే తీరును), ఛాతీ పట్టీతో గుండె వేగాన్ని నమోదు చేస్తున్నాను. ఊదిన కొద్దీ నాణేలు పెరుగుతాయి, బెలూన్ పగిలితే దానిపై వచ్చినవన్నీ పోతాయి; పిల్లలు ఎంత రిస్కు తీసుకుంటారో దీనివల్ల తెలుస్తుంది. అయితే బెలూన్ పగిలినప్పుడు కళ్లెదుటే ఉలిక్కిపడిన కొందరు పిల్లల రేఖలో చలనమే లేదు. మరికొందరికి ఆట మొదలుకాకముందే రేఖ పైకెక్కి కూర్చుంది. తప్పు పరికరానిదా, నా పద్ధతిదా?

జవాబు 1 (క్షేత్ర పరిశోధకుడు):
ముందుగా గదిని అనుమానించండి. మీరు కొలుస్తున్నది చెమట గ్రంథుల పనిని. అరచేతి చెమట ప్రధానంగా ఉద్వేగానికి స్పందించేదే అయినా, రేకుల కప్పు కింద ఉక్కపోతలో అది ముందే పెరిగి ఉంటుంది కాబట్టి, బెలూన్ పగిలినప్పుడు ఇంకా పెరగడానికి చోటుండదు. ఉదయం పూటే కొలవండి, ప్రతి పిల్లవాడి పేజీలో గది ఉష్ణోగ్రతనూ తేమనూ రాయండి, ఎలక్ట్రోడ్లు పెట్టాక కనీసం పది నిమిషాలు ఆగండి. ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి చర్మ స్పందన దాదాపు కనిపించదు. ఇక ఆటకు ముందే రేఖ పైకెక్కిందంటే, ఊరికి కొత్తగా వచ్చి వేళ్లకు తీగలు చుట్టిన మీరే ఆ పిల్లలకు బెలూన్ కంటే పెద్ద భయమేమో చూసుకోండి.

జవాబు 2 (పిల్లల వైద్యురాలు):
గుండె వేగం విషయంలో రక్తహీనతను మరచిపోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ పిల్లలు అంతకంటే పెద్దవారే అయినా, హిమోగ్లోబిన్ చూడకుండా విశ్రాంతిలోని వేగాన్ని ఆందోళనగా లెక్కించడం పొరపాటు. రక్తం ఆక్సిజన్‌ను తక్కువగా మోస్తే గుండె వేగంగా కొట్టుకుని ఆ లోటు పూడుస్తుంది. శ్వాసతో పాటు మారే గుండె లయను లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా పెద్దల హద్దులు, 0.12 నుంచి 0.40 హెర్ట్జ్ (అంటే సెకనుకు ఇన్ని శ్వాసలు), ఉంటాయి. పిల్లలు నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీశారంటే ఆ హద్దు దాటినట్లే, కాబట్టి దానిని మార్చుకోండి.

జవాబు 3 (మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు):
గదినీ రక్తాన్నీ సరిచూసిన తర్వాత కూడా రేఖ కదలకపోతే దాన్ని పారేయకండి. రొమేనియాలోని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లలను పన్నెండేళ్ల వయసులో ఒత్తిడి పరీక్షకు గురిచేసినప్పుడు, వారి కార్టిసాల్ (ఒత్తిడిలో విడుదలయ్యే హార్మోన్) స్పందన మందగించి కనిపించింది. చిన్న వయసులోనే పెంపుడు కుటుంబాలకు చేరినవారి స్పందన మాత్రం ఇళ్లలో పెరిగిన పిల్లల స్పందనకు దగ్గరగా ఉంది. 2015లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి, కదలని రేఖను ప్రశాంతతగా చదవడానికి నేను జంకుతాను. మెక్సికోలో మరో సంగతి తేలింది: నగదు సహాయ పథకంలో చేరిన పేద కుటుంబాల పిల్లల్లో లాలాజల కార్టిసాల్ తక్కువగా ఉంది, ముఖ్యంగా తల్లికి దిగులు లక్షణాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో. అక్కడ తక్కువ అంకె ఊరటకు గుర్తు, బుకారెస్ట్‌లో మందగింపుకు. మెక్సికోలోది మామూలు స్థాయి, బుకారెస్ట్‌లోది ఒత్తిడికి వచ్చే మార్పు. మీ పట్టికలో ఈ రెండింటినీ ఒకే గడిలో పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నేను కొలిచినది రేకుల గదిలోనే, అదీ మధ్యాహ్న భోజనం తర్వాత. ఇకపై మొదటి రోజు తీగలు లేకుండా ఆటే ఆడిస్తాను, కొలత రెండో రోజు ఉదయం. లాలాజలం కూడా సేకరిద్దామనుకున్నాను గానీ, కార్టిసాల్ నిద్ర లేచిన అరగంటకు గరిష్ఠానికి చేరి ఆపైన తగ్గుతూ పోతుంది కనుక, లేచిన సమయం ఇంట్లో కచ్చితంగా తెలియని చోట ఆ అంకెలను నమ్మలేను. ఈ దఫాకు దాన్ని వదిలేస్తున్నాను.