సంక్రాంతికి బిగుతుగా ఉన్న మంచం వేసవికి ఊగుతోంది, విప్పాలా? ఎల్ (L) ఆకారం ఇనుప పట్టీలు కొట్టించాలా?

గోదారి_గట్టు (సిరొంచ దగ్గర పల్లె)

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, నేను వడ్రంగిని కాదు. మా తాత చేసేవాడు, మా బాపు ఆ పని వదిలేసి కిరాణం పెట్టుకున్నాడు, నేను అదే కిరాణంలో కూర్చొని రాత్రి షట్టర్ దించాక తాత పెట్టె తెరుస్తుంటాను. అందులో ఒక బాడిస, రెండు రందలు (కొందరు చిత్రిక అంటారు, అదే), ఒక గుణియ, నాలుగు ఉలులు ఉన్నాయి. ఉలుల్లో ఒకదానికి పొన్ను (పిడికి బిగించే ఇనుప కట్టు) ఊడిపోయింది, సుత్తితో కొడితే పిడి చీలుతుందని దాన్ని వాడటం లేదు.

మా పొలం గట్టు మీద టేకు చెట్టు ఉంటే పర్మిషన్ తీసుకొని దసరా ముందు కొట్టించాం. సామిల్లులో కోయించి, నాయనమ్మకు నులక మంచం చేద్దామని మొదలుపెట్టాను. కోళ్లు (మంచం కాళ్లు) మూడంగుళాల చదరం, వాటిని కలిపే పట్టెలు కాస్త సన్నం, కుసి (పట్టె చివర కోడు బెజ్జంలోకి దూరే నాలుక) అంగుళం మందం, రెండంగుళాల ఎత్తు. మేకు లేదు, జిగురు లేదు, అంతా కుసి బెజ్జం పనే. పొడుగు పట్టెల కుసులు కోడును దాటి అవతలికి వస్తాయి, పొట్టి పట్టెల కుసులు సగంలోనే ఆగుతాయి. సంక్రాంతికి పూర్తయింది, అప్పుడు కుసి దిగాలంటే కొయ్య సుత్తితో గట్టిగా కొట్టాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు కాస్త పొగరు కూడా వచ్చింది.

ఇప్పుడు ఏప్రిల్. నాయనమ్మ అటు ఒత్తిగిలితే మంచం ఇటు ఊగుతోంది, కిర్రు కిర్రుమంటోంది. బెజ్జానికీ కుసికీ మధ్య సందులో రెండు ఏటీఎం కార్డులు కలిపి పెడితే దూరిపోతున్నాయి. బజార్లో ఫర్నిచర్ పని చేసే ఒకాయన చూసి "నాలుగు మూలలా ఎల్ పట్టీలు కొట్టు, పది నిమిషాల పని" అన్నాడు. మనసు ఒప్పుకోవడం లేదు. నా చెయ్యి సరిగ్గా లేకనే ఇలా అయిందా? ఏం చెయ్యమంటారు?

ప్లైవుడ్_బ్యాచ్ (నాగపూర్)

బ్రో, ఆయన చెప్పింది కరెక్ట్. నేను పదేళ్లుగా మాడ్యులర్ పని చేస్తున్నా, స్క్రూ, పట్టీ, అయిపోయింది. చేత్తో కుసులు కొట్టుకుంటూ కూర్చుంటే రోజుకు ఒక కోడు కూడా కాదు. సెంటిమెంట్ వేరు, మంచం వేరు.

ఆలపల్లి_వడ్ల

తమ్మీ, పట్టీ ఇప్పుడే కొట్టకు. ముందు ఒకటి చెప్పు. ఆ కార్డులు ఎక్కడ దూరుతున్నాయి, కుసికి పక్కనా, లేక పైనా కిందా? టార్చి వేసి నాలుగు కోళ్లూ చూసి రా, గుర్తుమీద చెప్పకు.

గోదారి_గట్టు

చూశాను కాకా. నాలుగింటికీ పైనా కిందానే. పక్కల మాత్రం బిగుతుగానే ఉంది, బ్లేడు కూడా దూరలేదు. ఇది నేను గమనించనే లేదు.

ఆలపల్లి_వడ్ల

అయితే తప్పు నీ చేతిది కాదు, కట్టెది. పచ్చి కట్టెతో చేశావు.

కట్టె ఎండేటప్పుడు పొడవు దాదాపు తగ్గదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. కోడు నిలువుగా ఉంటుంది కాబట్టి బెజ్జం ఎత్తు కట్టె పొడవు వెంట పోతుంది, అది తగ్గదు. పట్టె పడుకొని ఉంటుంది కాబట్టి కుసి ఎత్తు కట్టెకు అడ్డం, అది తగ్గుతుంది. అంటే గుంత అలాగే ఉంది, అందులో దూరినది చిక్కిపోయింది. పక్కలకు వస్తే రెండూ అడ్డమే, రెండూ కలిసి తగ్గాయి, అందుకే అక్కడ బ్లేడు దూరలేదు.

లెక్క కూడా చూడు. టేకు మంచి కట్టె, మిగతావాటితో పోలిస్తే తక్కువ కుంచించుకుపోతుంది. అయినా పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా అడ్డంగా 100కి 2.5 నుంచి 5 దాకా పోతుంది, ఏ వైపు కోశారన్న దాన్నిబట్టి. నీ కుసి రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు. మన ఎండలకు అందులో 3 శాతం పోయినా మిల్లీమీటరున్నర. ఒక ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, రెండు పెడితే సరిగ్గా అంతే. నీ కార్డులు బాగానే కొలిచాయి.

దసరా ముందు కొట్టిన చెట్టుతో సంక్రాంతికి మంచం ఏంది తమ్మీ. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలని మా బాపు లెక్క, నీ పట్టెకు తక్కువలో తక్కువ రెండేళ్లు. ఎండిందో లేదో తెలియకపోతే మీ కిరాణంలో కాంటా ఉంది కదా, ఒక ముక్కను వారానికోసారి తూచి రాసుకో, బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టు. మిషన్ కొనక్కర్లేదు.

ఇంకోటి, పొలం గట్టు టేకు తొందరగా లావెక్కుతుంది, లోపల చేవ (నడిమి గట్టి కట్టె) తక్కువ, బయట తెల్ల కట్టె ఎక్కువ. మా ఆలపల్లి అడవి టేకు పేరు ఊరికే రాలేదు. 2023 మార్చిలో అయోధ్య గుడి తలుపులకు ఇటువైపు టేకే బల్లార్‌పూర్ డిపో నుంచి పోయింది. నీ పట్టెల్లో తెల్ల భాగం ఉంటే దాన్ని కిందివైపుకు తిప్పి పెట్టి ఉంటావు, కనబడదు కానీ ముందు పురుగు పట్టేది అక్కడే, ఓసారి చూడు.

ప్లైవుడ్_బ్యాచ్ (నాగపూర్)

లెక్క ఒప్పుకుంటా కాకా, ఇది నాకు తెలియదు. కానీ ఇప్పుడు ఊగుతోంది కదా, పట్టీ కొడితే ఆగుతుందా ఆగదా? అది చెప్పు.

ఆలపల్లి_వడ్ల

నెల ఆగుతుంది. ఎల్ పట్టీ ఒక స్క్రూ కోడులోకి, ఇంకోటి పట్టెలోకి. మంచం మీద మనిషి కూర్చున్న ప్రతిసారీ మూల కదులుతుంది, ఆ కదలిక మొత్తం ఆ రెండు స్క్రూల మీద పడుతుంది. పట్టె చివర దగ్గర కొడితే అక్కడే చీలిక మొదలవుతుంది. పోనీ కోడు బయటి నుంచి పొడుగు స్క్రూ పట్టె చివరలోకి దింపుతారు కొందరు, అక్కడ స్క్రూ కట్టె నార వెంటే దిగుతుంది కాబట్టి మరకు పట్టు చిక్కదు, నాలుగుసార్లు తిప్పితే పిండిలా రాలుతుంది. అసలు నులక మంచంలో మూలను పట్టుకునేది నులక లాగుడే. కుసి బెజ్జంలో నిండుగా ఉంటే నులక దాన్ని లోపలికి లాగి పెడుతుంది, నిండుగా లేకపోతే అదే నులక మంచాన్ని వంకర చేస్తుంది. ప్లైవుడ్‌కు నీ పద్ధతే సరి, అందులో నాకు పేచీ లేదు.

అవును తమ్మీ, నులక ఏం వేశావు? నైలానా?

గోదారి_గట్టు

నైలాన్ పట్టీ కాకా. గోగునార నులక మా దగ్గర ఇప్పుడు ఎవరూ పేనడం లేదు. అది కూడా సాగింది, మధ్యలో ఇప్పుడు కుక్కి మంచమే.

వంశధార_వాసి (గుణుపురం)

మాది రాయగడ జిల్లా, ఇక్కడ సాల కర్ర ఎక్కువ, అది టేకు కంటే మొండిది, ఎండేటప్పుడు టేకు కంటే ఎక్కువ కుంచించుకుపోయి పైన పగుళ్లు కూడా ఇస్తుంది. కాబట్టి ఈ బాధ మాకు బాగా అలవాటు బాబూ.

నీ పొడుగు పట్టెల కుసులు అవతలికి వచ్చాయి అన్నావు కదా, అయితే సులువు. పట్టె ఊడదీసి, కుసి చివర నుంచి రంపంతో ఒక కోత పెట్టు, కుసి పొడవులో ముప్పాతిక వంతు దాకా. కోత ఆగే చోట చిన్న బెజ్జం వెయ్యి, లేకపోతే చీలిక పట్టె లోపలికి పాకుతుంది. మళ్లీ కోడులో దింపి, ఎండు తుమ్మ కర్రతో ఒక చివర పల్చగా చెక్కిన ముక్కను ఆ కోతలో పెట్టి కొట్టు. కుసి రెండు పెదాల్లా విచ్చుకొని సందు మూసేస్తుంది.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మొదటిసారి కోత నిలువుగా పెట్టాను, చూడ్డానికి బాగుంటుందని. మూడో దెబ్బకు కుసి పక్కలకు విచ్చుకొని కోడును తోసింది, కోడు టప్పుమని పై నుంచి కింద దాకా చీలింది. నాలుగు కోళ్లలో అదే బాగా నునుపు చేసిన కోడు. కోత ఎప్పుడూ అడ్డంగానే, నేలకు సమానంగా ఉండాలి, అప్పుడు కుసి పైకీ కిందికీ తెరుచుకుంటుంది. ఆ వైపు కోడు నార తలతో తగులుతుంది కాబట్టి తట్టుకుంటుంది. నీ సందు ఉన్నదీ అటే.

ఆలపల్లి_వడ్ల

గుణుపురం అన్న చెప్పింది నూటికి నూరు. ఒకటే కలుపుతా, బెజ్జం బయటి నోటిని పైనా కిందా ఉలితో అర మిల్లీమీటరు వాలుగా వెడల్పు చెయ్యి, ఎక్కువ వద్దు. విచ్చుకున్న కుసి అక్కడ కొక్కెంలా పట్టుకుంటుంది, ఇక వెనక్కి రాదు.

సగంలో ఆగిన కుసులకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి అదే టేకుతో పల్చటి పొర తీసి, నార కుసి వెంటే పోయేలా పైనా కిందా అతికించు. మందం కాస్త ఎక్కువే ఉంచి రందతో ఒక్కో పొర తీస్తూ బెజ్జంలో పెట్టి చూసుకుంటూ రా. టేకులో నూనె ఉంటుంది, పాత ముఖం మీద జిగురు పట్టదు, రంద పట్టిన వెంటనే అతికించు, మర్నాటికి వదలకు. టేకు ఉలి పదును కూడా తొందరగా తినేస్తుంది, అందులో ఇసుక లాంటిది ఉంటుంది, కాబట్టి సాన రాయి పక్కనే పెట్టుకో.

మే దాటేదాకా ఆగి చెయ్యి. ఇప్పుడు చేస్తే ఇంకా కాస్త చిక్కుతుంది.

గోదారి_గట్టు

కాకా, అన్నా, ఆగమంటే ఆగాను. నాయనమ్మ నెలన్నర చాప మీద పడుకొని రోజూ నన్నే తిట్టింది. మే ఆఖరున మొదలుపెట్టి ఆదివారాలు మాత్రమే చేశాను. కాంటా మీద ముక్క మూడు వారాలు ఒకే బరువు చూపించాకే రంపం పట్టాను.

పొడుగు పట్టెలు నాలుగు కుసులూ అడ్డం కోతలతో అయిపోయాయి. తుమ్మ ముక్క దిగుతుంటే చప్పుడు మారుతుందని మీరెవరూ చెప్పలేదు. మొదట డొల్లగా వస్తుంది, సందు మూసుకున్న దెబ్బకు ఒక్కసారిగా గట్టిగా, రాయి మీద కొట్టినట్టు వచ్చింది, అక్కడ ఆపేశాను. పొట్టి పట్టెలకు పొరలు అతికించాను, ఒకదానికి రంద ఎక్కువ పట్టి మళ్లీ అతికించాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్క కోడు దగ్గర తప్ప ఎక్కడా కిర్రు లేదు. ఆ కోడులో బెజ్జం కొట్టేటప్పుడు కణుపు తగిలింది, లోపలి గోడ కొంచెం ఉబ్బుగా మిగిలిపోయిందని అనుమానం.

తెల్ల కట్టె సంగతి కూడా నిజమే. ఒక పట్టె కింద సూది బెజ్జాలు మూడు కనబడ్డాయి, పిండి రాలుతోంది.

ఆలపల్లి_వడ్ల

ఆ తెల్ల భాగాన్ని బాడిసతో చెక్కి పారెయ్యి, మందం కాస్త తగ్గినా పర్వాలేదు, చేవ మిగిలితే చాలు. కణుపు కోడును ఈసారి విప్పినప్పుడు చూసుకో, ఒక్క కిర్రుకు ఇప్పుడే ఊడదియ్యకు. మిగిలిన పలకలు ఎండలో పెట్టకు, చివరలకు పేడ పూసి అటక మీద పడెయ్యి. ఆ పొన్ను ఊడిన ఉలి వృథాగా ఉంచకు, పాత నల్లా పైపు ముక్క అంగుళం కోసి, పిడిని కాస్త చెక్కి బిగించి కొట్టు, మీ తాత కూడా అదే చేసి ఉంటాడు.