ముందే కొన్నవారు మళ్లీ పూర్తి ధర చెల్లించాలా?

ప్రశ్న:
2017లో ఆంగ్లంలో వచ్చిన ‘పెర్సోనా 5’ వీడియో గేమ్‌ను 60 డాలర్లకు కొన్నవారు, 2020లో కొత్త పాత్రలతో, అదనపు కథాభాగంతో ‘రాయల్’ కూర్పు వెలువడినప్పుడు, ఆ అదనపు భాగాన్ని విడిగా కొనే వీలు లేక, మళ్లీ పూర్తి ధర చెల్లించి కథను మొదటి నుంచి ఆడవలసి వచ్చింది. ఇది న్యాయమేనా?

మొదటి జవాబు:
కాదనే నా అభిప్రాయం. మార్పులు ఆటంతటా కలిసిపోయాయి కనుక విడిగా అమ్మడం కష్టమన్న వాదనలో కొంత నిజముంది. అయితే పాత ఆట ఉన్నవారికి ధర తగ్గించడానికి ఆ కష్టం అడ్డు కాదు కదా. 2015 నాటి ‘ది విచర్ 3’ ఆటను కొత్త గేమ్ యంత్రాలకు తగ్గట్టు మెరుగుపరచి, 2022 డిసెంబరులో పాత కొనుగోలుదారులకు ఉచితంగానే ఇచ్చారు.

రెండవ జవాబు:
అక్కడ ఉచితంగా అందినవి ప్రధానంగా సాంకేతిక మెరుగులు; రెండు పెద్ద కథాభాగాలను అంతకుముందే డబ్బుకే అమ్మారు. తొలి కొనుగోలుదారులకు పరిహారం అంటే నాకు గుర్తొచ్చేది 2011. నింటెండో సంస్థ చేత్తో పట్టుకుని ఆడే తన గేమ్ యంత్రం 3డీఎస్ ధరను అమెరికాలో విడుదలైన ఆరు నెలల లోపే సుమారు 250 డాలర్ల నుంచి 170కి తగ్గించినప్పుడు, అప్పటికే కొన్నవారికి ఆ సంస్థ 20 పాత ఆటలను ఉచితంగా ఇచ్చింది. అవి 80 డాలర్లకు సరితూగుతాయా అన్నది వేరే సంగతి.

మూడవ జవాబు:
‘పెర్సోనా 4’కు కూడా 2012లో ‘గోల్డెన్’ అనే ఇలాంటి విస్తరించిన కూర్పు వచ్చింది కనుక, ఆ వరుస తెలిసినవారు ‘రాయల్’ను ముందే ఊహించి ఉండవచ్చు. అయినా కొత్తగా ఆడేవారికి ఆ చరిత్ర ఎలా తెలుస్తుంది?